తెగని తోకకు వైద్యం

మా ఇంట్లో బల్లి తోకకు గాయమైందని ఊళ్ళో ఉన్న అమ్మకు ఫోనులో చెబితే, "బల్లికి వైద్యమేమిట్రా! మీద పడితే తలస్నానం చేస్తాం గానీ" అని నవ్వింది. నవ్వదా మరి! బల్లి ఎక్కడ పడితే ఏ ఫలమో పంచాంగంలో వెతుక్కునేవాళ్ళం, కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని తాకి దోషం పోయిందనుకునేవాళ్ళం మనం. అమెరికాలో పెరుగుతున్న మా అబ్బాయికి మాత్రం అది ఇంటి మనిషి.

అది లెపర్డ్ గెకో. అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతదేశాల రాతినేలలు దాని పుట్టిల్లు. దాని తోక అలంకారం కాదు, గాదె. తిండి దొరకని రోజులకు కావలసిన కొవ్వంతా అందులోనే దాచుకుంటుంది.

గాజుపెట్టెలోని రాయికి ఒరుసుకుని తోక చివర చర్మం చీలింది. రవ్వంత నెత్తురు. వాడి ఏడుపు చూడలేక నేను ముందు పసుపు డబ్బా తీశాను, తర్వాత మందుల అలమరలోని ఆయింట్‌మెంటు. నొప్పి తెలియకుండా లిడోకెయిన్ వంటివి కలిపే పూతలు ఇలాంటి చిన్న ప్రాణులకు ప్రమాదమని పశువైద్యురాలు ఫోనులో ఆపకపోతే ఏం చేసి ఉండేవాణ్ణో! చేయవలసినది చాలా కొద్ది. ఇసుక తీసేసి కాగితపు తువ్వాళ్ళు పరిచాం. పొవిడోన్ అయోడిన్‌ను పలుచని తేనీటి రంగు వచ్చేదాకా నీళ్ళలో కలిపి, రోజుకోసారి మెత్తగా అద్దాం. పెట్టె అడుగున వెచ్చదనం తగ్గకుండా చూశాం. తోక పట్టుకోలేదు, బెదిరితే అదే వదిలేసుకుంటుంది.

ఏదో ఒకటి చేసెయ్యాలన్న ఆ ఆత్రం బల్లి కోసం కాదు, నా మనశ్శాంతి కోసమేనని ఇప్పుడనిపిస్తోంది. చిన్న గాయానికి చిన్న వైద్యమే మర్యాద.

అలాగని "పోతే పోయింది, మళ్ళీ మొలుస్తుందిగా" అనే మిత్రుల మాటా నాకు నచ్చదు. మళ్ళీ మొలిచేది పాత తోక కాదు. అందులో వెన్నుపూసలుండవు, మృదులాస్థి మాత్రమే ఉంటుంది. ఆకారమూ ముద్దగా మారుతుంది. దాచుకున్న కొవ్వు పోనే పోయింది. క్రెస్టెడ్ గెకోకైతే తోక అసలు మొలవనే మొలవదు. చివర నల్లబడినా, వాచినా, చీము పట్టినా, తిండి మానేసినా ఇంటివైద్యం కట్టిపెట్టి వైద్యుడి దగ్గరకు పరుగెత్తవలసిందే. ఖర్చు బల్లి ధరను మించుతుందన్న లెక్క ఒకటి వినబడుతూ ఉంటుంది. పెంచుకోవడానికి తెచ్చుకున్ననాడే ఆ లెక్క చెల్లదు.

నిన్న అమ్మే ఫోను చేసి, మనవడి కంటే ముందు బల్లిని అడిగింది. పక్కు కట్టిందని చెప్పాను.

"గిల్లొద్దని చెప్పు వాడికి" అంది.