సీమ నేరకథకు అండ కావాలి

ఆళ్లగడ్డ అనగానే బయటివాళ్లకు రెండు గుర్తొస్తాయి: గుళ్లకు వెళ్లే రాతి విగ్రహాలు, ఫ్యాక్షన్. విగ్రహాలు చెక్కే ఉలి చప్పుడు ఊళ్లోకి వెళ్తే వినబడుతుంది. ఫ్యాక్షన్‌ను మాత్రం చాలామంది తెర మీదే చూశారు. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడాక తెలుగు సినిమా ఏళ్ల తరబడి సుమోలతో, వేటకొడవళ్లతో సొమ్ము చేసుకుంది. హత్య జరిగిన ఇంట్లో మర్నాడు పొయ్యి ఎవరు వెలిగించారు? సాక్షి వాయిదా రోజున బస్సెక్కడానికి ఎందుకు భయపడ్డాడు? కోర్టు ఖర్చులకు ఎన్నెకరాలు అమ్ముడుపోయాయి? ఇవి సినిమాకు పట్టలేదు. ఇవి నవల చెప్పాల్సిన సంగతులు.

తెలుగులో నేరకథకు పాఠకులు లేరనలేం. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ను, మధుబాబు షాడోను అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రే చదివేసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. అయితే యుగంధర్ మద్రాసు డిటెక్టివ్, షాడో దేశాలు తిరిగే గూఢచారి. పొలం గట్టు తగాదా హత్య దాకా ఎలా వెళ్తుందో విప్పి చూపే కథలు వేరు.

అలాంటి కథ రాయగలవాళ్లు సీమలో ఉన్నారు. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, నల్లమలను కళ్లకు కట్టిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ రెండూ అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన పోటీల్లో గెలిచినవే. మన కథను వెలికి తీయడానికి సముద్రాల అవతలి సంఘం పూనుకోవాల్సి రావడం నన్ను బాధిస్తుంది. హైదరాబాద్‌లో వెంకట్ సిద్ధారెడ్డి మిత్రులతో కలిసి మొదలుపెట్టిన ఆన్వీక్షికి లాంటి స్వతంత్ర సంస్థలు కొత్తవాళ్ల పుస్తకాలు వేస్తున్నాయి. ఆన్వీక్షికి అంటే తర్కవిద్య. నేరకథకు అంతకంటే తగిన పేరేముంటుంది?

నేరకథ వేయడం మాత్రం తేలిక కాదు. డీటీపీకి, కాగితానికి, ప్రెస్సుకు డబ్బు ముందే కట్టాలి. షాపులకు అరువు మీద ఇచ్చిన కాపీల డబ్బు, కమీషన్ పోను మిగిలింది, ఎప్పటికో చేతికొస్తుంది. దానికి తోడు ఫ్యాక్షన్ నవలలో ఊరి పేరు మార్చినా చదివినవాడు మనుషుల్ని గుర్తుపడతాడు. సొంత డబ్బుతో అచ్చేసుకున్న రచయిత దాంతో వచ్చే ఒత్తిడికి ఎదురు ఒంటరిగా నిలబడాలి. ప్రతి పేజీ పట్టి చదివే ఎడిటర్, వివాదమొస్తే వెనక నిలిచే ప్రచురణకర్త ఉంటేనే నిజం అచ్చులోకి వస్తుంది.

అలాంటి ప్రచురణకర్త నిలబడాలంటే గ్రంథాలయాలు పుస్తకాలు కొనాలి; ఆ పని సీమకు పేరొచ్చిన ఊరే మొదలుపెట్టొచ్చు. దత్తమండలాలుగా పిలిచిన ఈ ప్రాంతానికి రాయలసీమ అని పేరు పెట్టుకున్నది 1928 నవంబరులో, నంద్యాలలో జరిగిన సభలోనే. ఆ ఊరి జనం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కడుతున్నారు. ఆ డబ్బుతో జిల్లాలోని ప్రతి శాఖా గ్రంథాలయానికీ చిన్న ప్రచురణకర్తల కొత్త నవలలు ఒక్కో కాపీ అయినా కొనాలి. కొన్నవాటికి బిల్లు ఆ ఏడాదే చెల్లించాలి.