జపాను ఆటపెట్టె – మన బాలుర జ్ఞాపకము

హైదరాబాదు నుండి శ్రీశైలమునకు పోవు రహదారికి చేరువను, నల్లమల అడవుల అంచున ఉన్న అచ్చంపేటకు రైలుమార్గము లేదు. ఏ సరకైనను బస్సుమీదనో లారీమీదనో రావలసినదే. అట్టి పట్టణములకు 1990 దశకమున టీవీకి తగిలించి ఆడుకొను ఆటపెట్టెలు వచ్చినవి. సమురాయ్, లిటిల్ మాస్టర్, మీడియా అను పేర్లు నాటి బాలురకు పాఠ్యపుస్తకములలోని పేర్లకంటె బాగుగా తెలియును. ఇంట కొనలేనివారికి గంటకింత అని అద్దె తీసికొని ఆడనిచ్చు దుకాణములు చిన్న పట్టణములందెల్ల వెలసినవి. బడి వదలిన పిమ్మట ఇల్లు చేరని పిల్లవానికై తండ్రి మొదట వెదకు తావు అదియే.

ఆ పిల్లలు నేడు నలుబదియేండ్ల ప్రాయమున ఉన్నారు. వారిలో చేతినిండ జీతము తెచ్చుకొనువారు కొందరు అంతర్జాల విపణులలో జపాను నుండి పాత ఆటపెట్టెలను, ఆటలను, వాని అట్టపెట్టెలతోను ముద్రిత పత్రములతోను సహా తెప్పించుకొనుచున్నారు. బాల్యమును తిరిగి కొనుక్కొనుచున్నామని వీరు భావించుట సహజమే. కాని వీరు కొనుచున్నది వీరు పోగొట్టుకొన్న వస్తువు కాదు.

అసలు యంత్రము పేరు ఫామిలీ కంప్యూటరు. జపానువారు దానిని కుదించి ఫామికాం అందురు. క్యోటో నగరమందలి నింటెండో సంస్థకై మసాయుకి ఉయెమురా అను ఇంజనీరు దీనిని రూపొందించెను. ఈ సంస్థ 1889లో స్థాపితమైనప్పుడు చేయుచుండినది పూల బొమ్మల పేకముక్కలను. జపానులో జూదరులకు ప్రీతిపాత్రమైన పేక అది. ఫామికాం 1983 జూలై 15న 14,800 యెన్ల ధరకు విపణిలో ప్రవేశించెను. తైవానులోని కర్మాగారములు కొలది కాలములోనే దాని చిప్పులను అనుకరించినవి. పిదప యంత్రము మొత్తమును ఒక్క చిప్పులో ఇమిడ్చినవారును కలరు. అట్టి అనుకరణలే రష్యాలో 1992 నుండి డెండీ అను పేరనూ, పోలండులో పెగాసస్ అను పేరనూ ఇల్లిల్లు చేరినవి. మన దేశమున విదేశీ వినియోగ వస్తువుల దిగుమతిపై పరిమాణ నిబంధనలు 2001 ఏప్రిల్ 1 వరకు పూర్తిగా తొలగలేదు. కావున చిన్న పట్టణముల బాలురు ఎరిగిన జపాను, చాల వరకు తైవాను, చైనాల మీదుగా వచ్చిన జపాను.

ఆట ఇమిడియుండు ప్లాస్టికు దిమ్మను మన పిల్లలు ‘క్యాసెట్టు’ అనిరి. అందు టేపు లేదు. ఒక చిన్న పలకయు, దాని అంచున ఇత్తడివలె మెరయు 60 సన్నని లోహపు పట్టీలును మాత్రమే కలవు. అమెరికాలో 1985లో విడుదలయిన అదే యంత్రమునకు 72 పట్టీల దిమ్మలను వాడిరి. మన అనుకరణ యంత్రములు జపాను పద్ధతిని అనుసరించినందున, నేడు జపాను నుండి తెప్పించిన అసలు దిమ్మ పాత లిటిల్ మాస్టరులో చక్కగా ఇముడును. అసలు ఫామికాం యంత్రమును తెప్పించినవారికే చిక్కులెక్కువ. జపాను ఇండ్ల విద్యుత్తు 100 వోల్టులది, మనది 230. అచటి ఎడాప్టరును మన గోడకు నేరుగా తగిలించినచో అది మాడిపోవును. పైగా దాని ప్రసారము జపాను టీవీల ఒకటవ, రెండవ చానెళ్ళకు ఉద్దేశింపబడినది. మన టీవీలకు ఆ తరంగములు అందవు.

ఆట మొదలు కానప్పుడు దిమ్మను తీసి నోటితో ఊదుట నాటి సర్వజన వైద్యము. ఊదుటచేత గుణము కలుగలేదు. తీసి మరల పెట్టుటచేత పట్టీలు సరిగా ఆనుకొనెడివి. ఊపిరిలోని తేమ కాలక్రమమున లోహమునకు చిలుము పట్టించును. సామాన్య శాస్త్రము బోధించువారికి ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు: కారణము వేరు, కనబడిన క్రియ వేరు.

బాతులను కాల్చు ఆటలోని తుపాకి మరియొక విషయమును చెప్పును. తుపాకి నుండి వెలుతురు టీవీ వైపు పోవునని పిల్లలు తలచిరి. జరుగునది దానికి విపర్యయము. మీట నొక్కినంతనే తెర క్షణకాలము నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని చదరము వెలుగును. తుపాకి గొట్టములోని కన్ను ఆ వెలుగును చూచినచో దెబ్బ తగిలినట్లు లెక్క. చిత్రనాళికగల పాత టీవీలో ఆ వెలుగు జాగులేక కనబడును. నేటి పలుచని టీవీలు చిత్రమును సవరించి చూపుటకు కొంత వ్యవధి తీసికొనును గనుక తుపాకికి బాతు ఎన్నడును దొరకదు. ఎంత ధర పెట్టి తుపాకిని తెచ్చినను, పాత డబ్బా టీవీ లేనిదే అది బొమ్మ తుపాకియే. ఆ టీవీలు మన ఊళ్ళలో తూకమునకు పోయినవి.

‘కాంట్రా’ అను ఆటను తెలియని ఆనాటి బాలుడు అరుదు. 1988లో జపానులో వెలువడిన దాని ప్రతిలో తాటాకులు గాలికి కదలును, మంచు రాలును, ఘట్టమునకు ఘట్టమునకు నడుమ పటము కనబడును. అమెరికా ప్రతిలో ఇవి లేవు. సేకరణ చేయువారు జపాను ప్రతికై తహతహలాడుటకు ఇట్టి హేతువులు కలవు. అది కేవలము వ్యామోహము అనుట న్యాయము కాదు. కాని ఆ బాలుని స్మృతిలో నున్నది ‘9999 ఆటలు’ అని అట్టమీద అచ్చు వేసి, లోపల కొలది ఆటలనే పేర్లు మార్చి చూపిన పసుపుపచ్చని దిమ్మ. ఆ మోసమును కనిపెట్టుట కూడ ఆటలో భాగమే. దానిని ఎవరు తయారు చేసిరో, ఏ దారిన వచ్చెనో వ్రాసి ఉంచినవారు లేరు. అసలు వస్తువునకు వెల పెరుగుచున్న కొలది నకలు చరిత్ర చెత్తకుప్పకు పోవుచున్నది.

వెల అనగా ఎట్టి వెల! 1996 నాటి ‘సూపర్ మారియో 64’ విప్పని పెట్టె 2021 జూలైలో అమెరికాలో 15 లక్షల 60 వేల డాలర్లకు వేలము పోయెను. విప్పితే విలువ తగ్గు ఆట ఆట కాదు, పెట్టుబడి.

ఈ స్మృతికి నేటి కాలము మరియొక బలమును చేకూర్చినది. దిమ్మను ఒకసారి కొన్న పిమ్మట అది మరల డబ్బు అడుగలేదు. నేటి చరవాణి ఆటలు అడుగుచునే ఉన్నవి. తెలంగాణ ప్రభుత్వము 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించుచు చట్టము చేసెను. అట్లని నాటి కాలము నిష్కళంకమని తలచరాదు. గంట అద్దెకై ఇంటి చిల్లర మాయమగుటయు, హాజరుపట్టీలో ఖాళీలు ఏర్పడుటయు ఉపాధ్యాయులు మరచిన సంగతులు కావు.

భద్రపరచవలసినది ఏది అను ప్రశ్న మిగిలియున్నది. అమెరికాలో 2010కి పూర్వము వెలువడిన ఆటలలో 87 శాతము నేడు విపణిలో లభించుట లేదని 2023లో అచటి వీడియో గేం హిస్టరీ ఫౌండేషన్ ప్రకటించెను. మన సంగతి చూతము. 2009లో హైదరాబాదునందలి ఆరోనా టెక్నాలజీస్ సంస్థ ప్లేస్టేషన్ 2 యంత్రమునకై ‘హనుమాన్: బాయ్ వారియర్’ అను ఆటను నిర్మించెను. దేవుని ఆటబొమ్మగా చేయుట తగదని అమెరికాలోని ఒక హిందూ సంస్థ దానిని ఉపసంహరింపుమని కోరగా కొంత వివాదము చెలరేగెను. అదే యేడు హైదరాబాదులోని గేంశాస్త్ర సంస్థ ‘దేశీ అడ్డా’ను నిర్మించెను, అందు కబడ్డీ, గాలిపటములు, పాలమూరు పిల్లలు చిర్రగోనె అనునట్టి గిల్లీదండా కలవు. క్యోటో వస్తువులకై వేలు వెచ్చించువారిలో ఈ రెండు బిళ్ళలను వెదకువారు ఎందరు?

చట్టమును ఒకపరి చూడవలెను. మన కాపీరైటు చట్టము 1957 నాటిది. 1984 సవరణ కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్యకృతులలో చేర్చినది. రచయిత మరణించిన పిదప 60 సంవత్సరముల వరకు ఆ హక్కు నిలుచును. లాభాపేక్షలేని ప్రజాగ్రంథాలయము తన వద్ద డిజిటలు కాని ప్రతి ఉన్నచో, దానిని భద్రపరచుటకై ఎలక్ట్రానికు రూపమున నిలువ చేసికొనవచ్చునని 2012 సవరణ అనుమతించినది. పుస్తకమునకు ఇది చాలును. వీడియో ఆటకు డిజిటలు కాని ప్రతి ఎక్కడిది? హనుమంతుని బిళ్ళ ఆడుటకు ఉద్దేశింపబడిన ప్లేస్టేషన్ 2 ఉత్పత్తి 2013లో నిలిచిపోయినది.