ఊరూ పేరూ లేని పటాలు

పాత మ్యాపు నకలుకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకోవడం నామోషీ ఏమీ కాదు. అసలుది కొనే తాహతు లేనివాళ్లే నకలు కొంటారన్న చిన్నచూపు మ్యాపుల విషయంలో నిలవదు. వర్ణచిత్రానికి అసలు ప్రతి ఒక్కటే ఉంటుంది. 17, 18 శతాబ్దాల ఐరోపా మ్యాపులు అలా కాదు. రాగి రేకు మీద గీతలు చెక్కి, సిరా నింపి, తడి కాగితం మీద ఒత్తి ప్రతులు తీసేవారు. రంగులు ఆ తరవాత చేత్తో వేసేవారు. అంటే పుట్టుకతోనే అవి అచ్చు ప్రతులు. పైగా బజారుకొచ్చే అసలు మ్యాపుల్లో చాలా భాగం పాత అట్లాసుల నుంచి విడదీసిన పేజీలే. ఫోర్బ్స్ స్మైలీ అనే మ్యాపుల వ్యాపారి 2005లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పట్టుబడ్డాడు. వేర్వేరు గ్రంథాలయాల నుంచి 97 మ్యాపులు దొంగిలించినట్టు ఒప్పుకుని మూడున్నరేళ్ల శిక్ష వేయించుకున్నాడు. గోడ అలంకారం కోసం ఒక పుస్తకాన్ని చింపడంకన్నా నకలు కొనడమే మర్యాద. మన ఎండకూ, కోస్తా తేమకూ రెండువందల ఏళ్ల కాగితాన్ని అప్పగించనక్కర్లేదు కూడా.

అయితే ఆ నకలు నిజాయితీగా ఉండాలి. టీ డికాషన్ రంగు పులిమి, అంచులు కాల్చినట్టు చేసి, గీసినవాడి పేరూ సంవత్సరమూ కత్తిరించేసిన కాగితం మ్యాపు కాదు, వాల్‌పేపరు. జేమ్స్ రెన్నెల్ 1782లో లండన్‌లో వెలువరించిన హిందుస్థాన్ మ్యాపునే చూడండి. బెంగాలు సర్వేయర్ జనరల్‌గా ఆ ప్రాంతాన్ని కొలిచిన మనిషి దక్షిణాదిని మాత్రం కొలవలేదు; ఇతరులు తెచ్చిన సర్వేలూ దూరాల లెక్కలూ కలిపి కూర్చాడు. ఆ సంగతి దాచుకోలేదు సరికదా, ఏ భాగానికి ఏది ఆధారమో చెబుతూ వెంట ఒక పుస్తకమే రాశాడు. సంవత్సరం తెలిస్తేనే ఈ మ్యాపులో మన ప్రాంతాన్ని సరిగ్గా చదవగలం. అప్పటికి గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీకి స్థిరంగా దక్కలేదు. అది జరిగింది 1788లో. ఇక మ్యాపు పేరు చుట్టూ వేసిన అలంకార చిత్రంలో పండితులు తమ పవిత్ర గ్రంథాలను తెచ్చి బ్రిటన్‌కు ప్రతీకైన బ్రిటానియా అనే స్త్రీమూర్తికి సమర్పిస్తుంటారు. మొత్తం పటంలో అతి పెద్ద అబద్ధం అదే, అందుకే అది తప్పకుండా ఉండాలి.

మనల్ని ఏలినవాళ్ల గొప్పలను మనింట్లో వేలాడదీయడం ఎందుకని అడిగేవారున్నారు. ప్రశ్న సబబైనదే. కానీ ఆ బొమ్మను కత్తిరించినంత మాత్రాన మ్యాపు స్వదేశీ అయిపోదు. ఎవరు, ఎవరికోసం గీశారో చెప్పే సాక్ష్యం పోతుంది, అంతే. పైగా ఆ సర్వేల చరిత్ర దొరలది మాత్రమే కాదు. 1815లో భారత సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీకి శాసనాలూ స్థల చరిత్రలూ సేకరించిపెట్టినవారిలో ముఖ్యులు కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. మెకంజీ పటం గోడ మీద ఉన్న ఇంట్లో పిల్లలకు ఈ ముగ్గురి పేర్లూ చెప్పవచ్చు.

కొనడానికే వస్తే, పెద్ద ధర పెట్టాల్సిన పనిలేదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, డేవిడ్ రమ్జీ మ్యాపుల సంగ్రహం వంటివి వివరంగా స్కాన్ చేసిన మ్యాపులను సొంత వాడకానికి ఉచితంగానే దించుకోనిస్తున్నాయి. మనం చెల్లించేది కాగితానికీ సిరాకీ ఫ్రేముకీ. 24 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన 7,200, 10,800 పిక్సెళ్లు కావాలి. అంతకు బాగా తగ్గితే చిన్న ఊళ్ల పేర్లు అలుక్కుపోతాయి. మెరుపు లేని మందపాటి కాగితం మీద వేయించండి. ఫ్లెక్సీ మాత్రం వద్దు, అది నాయకుల పుట్టినరోజులకు సరిపోతుంది. ఫ్రేము వెనక గీసినవారి పేరు, మ్యాపు సంవత్సరం, స్కాన్ ఇచ్చిన గ్రంథాలయం, మీరు అచ్చు వేయించిన తేదీ రాసిపెట్టండి. రేపు అది చేతులు మారినప్పుడు అసలుదని చెప్పి ఎవరూ అమ్మలేరు.