పాఠములోనే వ్యాయామము



పాఠశాలలలో వ్యాయామమునకు మరికొన్ని పీరియడ్లు కేటాయింపవలెనని కోరువారితో నాకు విరోధము లేదు. కాని డ్రిల్లు పీరియడు ఎంతటి నిస్సహాయమైనదో బడిలో పనిచేసినవారందరు ఎరుగుదురు. పరీక్షలు సమీపించినంతనే, మిగిలిపోయిన పాఠములకొరకు లెక్కల ఉపాధ్యాయుడో సైన్సు ఉపాధ్యాయుడో మొట్టమొదట అడిగి పుచ్చుకొనునది ఆ గంటనే. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రతి బడికి ఆటస్థలముండవలెనని విధించినను, ఇరుకు మేడలలో నడచు బడులలోని పిల్లలకు ఆ స్థలమెచ్చటనున్నదో పాఠకులే చెప్పగలరు. కావున, దేహచలనమును పాఠమునకు వెలుపల నిలిపి దానికై కాలమును యాచించుటకంటె, దానిని పాఠములోనికే తీసికొనిరావలెనని నా విన్నపము.

నేను తెలుగు బోధించువాడను గనుక ఛందస్సునే ఉదాహరించెదను. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణములనియు, పదవ అక్షరము యతిస్థానమనియు వల్లించిన బాలునకు మార్కులు వచ్చును గాని, పద్యము నడచు తీరు వాని చెవికందదు. అట్లుగాక, ఇరువదిమంది పిల్లలను వరండాలో వరుసగ నిలిపి, ఒక్కొక్కరిని ఒక్కొక్క అక్షరముగ జేసి, గురువులైనవారు చేతులు పైకెత్తి రెండు మాత్రల కాలము నిలుపునట్లును, లఘువులైనవారు ఒక్క చప్పటతో ముగించునట్లును ఏర్పరచి చూడుడు. పాదములోని ఎనిమిది గురువులును పండ్రెండు లఘువులును కంటికి గానవచ్చును. మొదటివాడును పదవవాడును వరుస వీడి ముందునకు వచ్చి చేతులు కలిపిరేని అదియే యతిమైత్రి; మరి ఇరువదిమందిని రెండవ పాదముగ వెనుక నిలిపి, రెండు వరుసలలోను రెండవ స్థానముననున్నవారు చేయి చేయి పట్టుకొనిరేని అదియే ప్రాస. నలుబదిమందితో క్రిక్కిరిసిన తరగతి బోధనకు అవరోధమని మనము నిత్యము వాపోవుచుందుము. ఈ పాఠమునకు ఆ నలుబదిమందియు కావలెను! ఇక ఉత్పలమాల తొలి గురువును తప్పించి, వాని చోట ఇద్దరు లఘువులను నిలిపినంతనే ఆ వరుస చంపకమాలయగును. యతి పదునొకండవ స్థానమునకేల జరిగినదో పిల్లలే చెప్పుదురు. శార్దూలము మత్తేభమగుటయు ఈ విధముననే. ఈ బాంధవ్యమును నల్లబల్లపై వివరించుటకు పట్టు కాలములో సగము కూడ ఇచ్చట పట్టదు.

గణితమున నేలపై సుద్దముక్కతో సంఖ్యారేఖ గీసి, ఋణసంఖ్యల కూడికను ముందు వెనుకల గెంతులతో చేయింపవచ్చును; తక్కిన విషయములను ఆయా ఉపాధ్యాయులు నాకంటె బాగుగ ఎరుగుదురు.

ఇది కేవలము నా ఉత్సాహము కాదు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిన్న తరగతుల బాలబాలికలకు గణితమును భాషను కదలికలతో మేళవించి, రెండు విద్యాసంవత్సరములు, వారమునకు మూడు మారులు బోధింపజేసి, 2016లో ఫలితములను ప్రకటించిరి. సాధారణముగ కూర్చుండి చదివినవారికంటె వీరు గణితమునను, వర్ణక్రమమునను ముందుండిరి. పఠనమున మాత్రము భేదము కనబడలేదు. పఠనమున లాభము లేదన్న మాటను దాచనక్కరలేదు. నిశ్శబ్దముగ కూర్చుండి చదువవలసిన వేళ కూర్చుండియే చదువవలెను. అట్లే, ఈ పాఠములు మైదానమునకు ప్రత్యామ్నాయములని ఏ యాజమాన్యమును భావింపరాదు. అయిదు మొదలు పదునేడు సంవత్సరముల వయస్సు గలవారికి సగటున దినమునకు 60 నిమిషముల దేహశ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచుండగా, ఒక పద్యపాఠముతో అది తీరునా?

క్రమశిక్షణ చెడుననువారికి నా ప్రశ్న యొక్కటే. గుంజీలు తీయించుట, గోడకుర్చీ వేయించుట, బెంచీపై నిలువబెట్టుట, ఇవి దేహమునకు బడి ఇచ్చిన పనులు కావా? శరీరమును అవమానమునకు సాధనముగ వాడుటకు సంకోచింపని మనము, జ్ఞానమునకు సాధనముగ వాడవలసి వచ్చినప్పుడు మాత్రము అల్లరికి జంకుట న్యాయమా? చప్పట్ల ధ్వని ప్రక్క తరగతికి వినబడును, నిజమే. పిల్లలు లయ తప్పక కొట్టినంతకాలము దానిని అల్లరి యనుటకు నాకు మనసొప్పదు. నడువలేని బాలుడు తాళము పట్టి వరుసనంతటిని నడిపింపగలడు; వానిని మూల కూర్చుండబెట్టి చూడుమనుట మాత్రము తగదు.

జిల్లా విద్యా శిక్షణ సంస్థలలో ఇట్టి పాఠములను ఉపన్యాసములతో సరిపెట్టక, ఉపాధ్యాయులచేతనే చేయించి చూపవలెను. కరదీపికలలో ప్రతి పాఠమున కనీసమొక కృత్యము నడిచి చేయదగినదిగ ముద్రింపవలెను. తనిఖీకి వచ్చు అధికారులు బల్లలు ఖాళీగనున్నవని ఉపాధ్యాయుని మందలింపక, వరండాలోనికి వచ్చి ఏ పాఠము జరుగుచున్నదో అడుగవలెను.

భవదీయుడు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు