వేలు తెర మీద, బండి కాలువ కట్ట మీద



ఈసారి ఈ పేజీని మధుమేహానికి కేటాయించాలనుకున్నాం. దానిని వచ్చే సంచికకు జరిపి, కారులో దారి చూపే టచ్ స్క్రీను గురించి రాస్తున్నాం. ఆరోగ్య పత్రికకు దానితో ఏమి పని అని కొందరు అడగవచ్చు. పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి మా ప్రసూతి వార్డుకు వచ్చిన కుటుంబం చెప్పిన సంగతి విన్న తరువాత మాకు ఆ సందేహం లేకుండా పోయింది.

కొల్లూరు అవతల, కరకట్ట దగ్గరి పల్లె నుంచి నిండు గర్భిణిని అద్దె కారులో ఎక్కించుకుని బయలుదేరారు. రెండవ కాన్పు. నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. డ్రైవరు పట్నపు కుర్రవాడు, ఈ దారులకు కొత్త. స్టీరింగు పక్కన పుస్తకమంత తెర ఉంది. అది తారు రోడ్డు వదలమని చెప్పి కాలువ కట్ట మీదుగా దగ్గర దారి చూపింది. అత్తగారు "అటు కాదు బాబూ, తిన్నగా పోనియ్యి" అంటూనే ఉంది. "ఇది తప్పు చెప్పదు పిన్నిగారూ" అన్నాడతను. కొంత దూరం పోయాక అతనికీ అనుమానం వచ్చింది. అయినా బండి ఆపలేదు. నడుపుతూనే రెండు వేళ్ళతో పటాన్ని పెద్దది చేసి చూడబోయాడు. ఎడమ ముందు చక్రం కట్ట అంచు దిగింది. తుమ్మచెట్టు మొదలు అడ్డుపడింది గనుక కారు నీళ్ళలోకి పోలేదు. పొలంలో ఇంజను దగ్గర కాపలా ఉన్న రైతు పరుగెత్తుకొచ్చి ట్రాక్టరు తెప్పించాడు. పావుగంటలో రావలసిన తల్లి గంటంబావుకు మా గుమ్మం ఎక్కింది.

తల్లీ బిడ్డా క్షేమం. ఆమెకు దారిలోనే రక్తస్రావం మొదలై ఉంటే ఇంత తాపీగా ఈ మాట రాయగలిగేవాళ్ళం కాదు. కాన్పు సమయంలో ఆగని రక్తస్రావానికి వైద్యం అందకపోతే కొద్ది గంటలలోనే ప్రాణం పోవచ్చునని మీకు ఇదివరకు చాలాసార్లు చెప్పాం. ఆ కొద్ది గంటలలో ఒక గంట కాలువ కట్ట మీద పోయింది.

డ్రైవరును తిట్టడం తేలిక. మాకు ఆ అర్హత లేదు. చాలా ఏళ్ళ క్రితం మా అంబులెన్సుకు ఇటువంటి యంత్రమే కొన్నాం. అద్దానికి రబ్బరు మూతితో అతుక్కునే, అరచేయంత పెట్టె. బిగించిన రోజున మేమందరం వరండాలోకి వచ్చి వింతగా చూశాం. దానిని డ్రైవరు కళ్ళకు సరిగ్గా ఎదురుగా అతికించాం. ఎండపడితే తెర కనిపించేది కాదు, గతుకులో ఎగిరితే వేలు ఒక అక్షరానికి బదులు పక్క అక్షరం మీద పడేది. నడిపేటప్పుడు దానిని ముట్టుకోవద్దని అతనికి మాలో ఒక్కరమూ చెప్పలేదు. చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

ఈ యంత్రానికి ఏమి తెలుసో, ఏమి తెలియదో ముందు చూద్దాం. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే తాను ఎక్కడున్నదీ పెట్టె లెక్క కట్టుకుంటుంది. ఇది అమెరికా సైన్యం ఏర్పరచిన వ్యవస్థ. 2000 మే నెల వరకు మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టి ఇచ్చేవారు. ఆ అడ్డు తీసివేసిన తరువాత కార్లలో దీని వాడకం బాగా పెరిగింది. మన ఇస్రో కూడా 2013 నుంచి 2016 వరకు ఏడు ఉపగ్రహాలను పంపి నావిక్ అనే వ్యవస్థను నిలబెట్టింది. గొప్ప విషయాలే. అయితే ఉపగ్రహం వల్ల తెలిసేది ఒక్కటే, మీరు ఫలానా చోట ఉన్నారని. అక్కడ రోడ్డు ఉన్నదా, ఉంటే కారు పడుతుందా అన్నది పటం గీసినవారు చెప్పవలసిన మాట. పటం ఎప్పుడో గీసినదైతే అది నిన్నటి సంగతే చెబుతుంది.

మన ప్రాంతంలో నిన్నటి రోడ్డు ఈ రోజు ఉండకపోవడం కొత్త కాదు. 2009 అక్టోబరులో ఓలేరు దగ్గర కరకట్ట తెగినప్పుడు భట్టిప్రోలు, రేపల్లె వైపు ఊళ్ళు ఎట్లా మునిగాయో మనకు తెలుసు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగివచ్చినప్పుడు కొల్లూరు లంకల వాళ్ళకు పడవ తప్ప దారి లేకపోయింది. అంత పెద్ద వరద రాకపోయినా సరే, కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, దీపం లేని గడ్డి ట్రాక్టరు ఎదురొస్తుంది, తెనాలి–రేపల్లె బండికి గేటు వేసి ఉంటుంది. ఇవన్నీ మన ఊరి పాలవాడికి తెలుసు. తెరకు తెలుస్తాయన్న నమ్మకం లేదు.

దూరపు సంగతులు రెండు చెబుతాం. 2023 అక్టోబరు 1న కేరళలో కొచ్చి దగ్గర, వాన కురుస్తున్న అర్ధరాత్రి, ఒక కారు నదిలోకి పోయి ఇద్దరు యువ డాక్టర్లు మరణించారు. ఫోనులో చూపిన దారిని బట్టి వెళుతున్నామని బతికి బయటపడినవారు చెప్పినట్లు పత్రికలు రాశాయి. మరుసటి ఏడు మే నెలలో మన హైదరాబాదు నుంచి విహారానికి పోయిన నలుగురు అదే రాష్ట్రంలో కొట్టాయం జిల్లాలోని కురుప్పంతర దగ్గర, రోడ్డంతా వాన నీరు నిండి ఉండగా, పటాన్ని నమ్మి సరాసరి వాగులోకి నడిపించారు. పోలీసులు, ఊరివాళ్ళు వచ్చి నలుగురినీ పైకి తీశారు. నీటి అంచు దగ్గర బండి ఆపి ఒక్కరు దిగి చూసి ఉంటే సరిపోయేది.

దారి తప్పడం ఒక ఎత్తు. నడుపుతూ తెరను తాకడం ఇంకొక ఎత్తు, మాకు ఎక్కువ భయం దానితోనే. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు 11 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు తెర చూస్తే 22 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్లే. కట్ట మీద ఒక కారు, ఒక సైకిలు పట్టేంత వెడల్పే ఉంటుంది. ఇక ఊరి పేరు కొట్టడం రెండు సెకన్లలో అయ్యే పనా? అమెరికాలో 2017లో 30 కొత్త కార్లు తీసుకుని పరీక్షిస్తే, చేరవలసిన చోటును యంత్రానికి చెప్పడానికి డ్రైవర్లకు సగటున 40 సెకన్లు పట్టింది. స్వీడనులో ఒక కార్ల పత్రిక 2022లో చేసిన పరీక్ష ఇంకా చిత్రమైనది. రేడియో మార్చడం వంటి నాలుగు చిన్న పనులు ఇచ్చి, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ చేయమన్నారు. మీటలే ఉన్న 2005 నాటి పాత కారులో అవి 10 సెకన్లలో పూర్తయ్యాయి. ఒక కొత్త టచ్ స్క్రీను కారులో దాదాపు 45 సెకన్లు పట్టాయి, అంతలో కారు 1,372 మీటర్లు పోయింది. మీటను చేయి తడిమి తెలుసుకుంటుంది. నున్నటి గాజు పలక మీద తడమడానికేమీ ఉండదు, కన్ను పెట్టి తీరాలి.

2020లో ఇంగ్లాండులో నమూనా కారులో కూర్చోబెట్టి చేసిన పరీక్షలో, తెరను తాకుతూ నడిపేవారు ఎదుటి ప్రమాదానికి స్పందించే సమయం సగానికి పైగా పెరిగింది. చట్టం అనుమతించే హద్దు వరకు మద్యం తాగినవారికి ఆ పెరుగుదల 12 శాతమే. నోటితో చెప్పి పని చేయించుకున్నా 30 శాతానికి పైగా ఉంది. తాగి నడిపే డ్రైవరు బండి ఎక్కడానికి మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఒప్పుకోరు. తెర మీద వేలు పెట్టి నడిపేవాడిని మాత్రం తెలివైనవాడనుకుంటున్నాం.

చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన మార్పు ప్రకారం, నడిపేటప్పుడు చేతి ఫోను వంటివి దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ డ్రైవరు ఏకాగ్రత చెడనంత వరకే వాడాలి. ఏకాగ్రత ఎక్కడ చెడుతుందో చెప్పేవారు ఎవరు? మా ఉద్దేశంలో తెరను తాకిన క్షణాన చెడినట్లే లెక్క.

అలాగని ఈ యంత్రం వద్దని మేము అనడం లేదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 సేవ మొదలైన తరువాత ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో ఆసుపత్రిలో పనిచేసేవారికి తెలుసు. 2020 జూలై 1న విజయవాడలో ఒకేసారి ప్రారంభించిన 1,088 వాహనాల 108, 104 శ్రేణికి, బండి ఎక్కడున్నదీ కేంద్రంలో కూర్చున్నవారు చూడగలిగే ఏర్పాటు ఉంది. చూడవలసిన మనిషి వేరు, నడపవలసిన మనిషి వేరు. మేము అడుగుతున్నదీ ఇదే ఏర్పాటు.

అందుకని మా బండికి ఒక నియమం పెట్టుకున్నాం. చక్రం కదలక ముందే ఊరి పేరు కొట్టి, దారి మొత్తం ఒకసారి చూసుకోవాలి. 2018 నుంచి ఫోనులోని గూగుల్ పటం తెలుగులోనే మలుపులు చెబుతోంది గనుక గొంతు వినబడితే చాలు. కదిలాక తెరను తాకేది పక్కనున్నవారే. మా డ్రైవరు వెంటనే అడ్డు చెప్పాడు: "నా పక్కన ఎవరు కూర్చుంటారండీ? అందరూ వెనక పేషెంటు దగ్గరే ఉంటారు గదా." నిజమే. ఇంటిల్లిపాదీ వెనక కూర్చుని ఏడవడం మన అలవాటు. వారిలో ఒకరిని ముందుకు రమ్మని అడగమన్నాం. ఎవరూ లేకపోతే రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి, ఆపి, చూసుకొమ్మన్నాం. "పేషెంటు కొట్టుకుంటుంటే బండి ఆపితే బంధువులు నన్ను కొడతారు" అన్నాడు. అందుకే ఇది మీకు రాస్తున్నాం. దారి చూసుకోవడానికి అరనిమిషం బండి ఆపిన డ్రైవరు మీద దయచేసి కేకలు వేయవద్దు.

పేర్ల గొడవ ఒకటి మిగిలింది. పెరవలి మన వేమూరు మండలంలో ఒకటి, తణుకు దగ్గర మండల కేంద్రం ఒకటి. కొల్లూరు అని కొడితే మూకాంబిక గుడి ఉన్న కర్ణాటక కొల్లూరు వస్తుందో, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న కొల్లూరు వస్తుందో చెప్పలేం. చుండూరును ఇంగ్లీషులో రాసే తీరు పలికే తీరు ఒకటి కావు. వేమూరు 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది, పాత పటం నింపిన పెట్టెలలో ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంటుంది. తపాలా శాఖ 2025లో ఐఐటీ హైదరాబాదు, ఇస్రో వారి ఎన్ఆర్ఎస్‌సీతో కలిసి డిజిపిన్ అనే పద్ధతి తెచ్చింది. దాదాపు నాలుగు మీటర్ల చదరానికి ఒక పది అక్షరాల గుర్తు. మంచిదే గాని, నొప్పులు పడుతున్న మనిషి పక్కన నిలబడి పది అక్షరాలు తప్పు లేకుండా చదివే ధైర్యం ఎందరికి ఉంటుంది? కాన్పు నెల రాగానే కాగితం మీద రాసి గోడకు అంటించుకుంటే పనికిరావచ్చు.

మాకు ఫోను చేసేటప్పుడు ఊరు, మండలం చెప్పి, కాలువకు ఏ ఒడ్డున ఉన్నారో చెప్పండి. ఇది చాలామంది చెప్పరు. అవతలి ఒడ్డుకు వచ్చిన బండి వంతెన కోసం మళ్ళీ రెండు మూడు మైళ్ళు తిరగవలసి వస్తోంది. వాట్సాపులో లొకేషను పంపగలిగినవారు పంపండి. పంపినా సరే, రోడ్డు మలుపు దగ్గర ఒకరిని టార్చిలైటు ఇచ్చి నిలబెట్టండి.

ఆ తల్లిని ఇంటికి పంపే రోజున మా బండే ఇచ్చాం. అత్తగారు మెట్ల దగ్గరే ఆగి, "ఇందులో కూడా ఆ అద్దం ఉందా నాయనా?" అని అడిగింది. "ఉంది పిన్నిగారూ, మీరు ముందు కూర్చోండి" అన్నాడు మా డ్రైవరు. ఆమె ముందు కూర్చుని కొల్లూరు దాటేదాకా ఒక్కొక్క మలుపూ చెప్పిందట. తెరను వెలిగించనే లేదని తిరిగి వచ్చాక అతను చెప్పాడు.