మరో సీసా

మన యిళ్లలో వొక నమ్మకం వున్నది. జ్వరం తగిలినా, నీరసించినా, పెళ్లిపనుల్లో సొమ్మసిల్లినా "వొక సెలైన్ యెక్కిస్తే సరి" అంటాం. పిల్లలకు తెలుగు చెప్పుకునే నాకు వైద్యంలో తలదూర్చే అర్హత లేదు. కాని అర్హత లేనిచోటనే గదా మనకు గొంతు లేచేది!

కిందటేడు మా మామగారికి మూత్రంలో మొదలైన జబ్బు నెత్తురుకు పాకి, రక్తపుపోటు పడిపోయింది. ఆసుపత్రిలో రెండు లీటర్ల సెలైన్ యెక్కింది. పోటు లేవలేదు. "మూడో సీసా పెట్టరేం?" అని డ్యూటీ డాక్టరమ్మను నిలదీశాను. వెనక మా అత్తగారు కొంగు నోట కుక్కుకుని నిలబడ్డారు.

ఆ అమ్మాయి కోపగించుకోలేదు. చిన్న స్కానింగు యంత్రం మంచం దగ్గరకు తోసుకొచ్చి, "మీరే చూడండి మాస్టారూ" అన్నది.

ముందు పొట్ట పైభాగాన ఆనించింది. కింది వొంటి నెత్తురును గుండెకు చేర్చే పెద్దసిర తెరమీద కనిపించింది. వొంట్లో ద్రవం బాగా తగ్గితే, ఊపిరి పీల్చినప్పుడల్లా అది నలిగిపోతుందట. ఇక్కడ నిండుగా, కదలక వున్నది. "దీన్నొక్కదాన్నే నమ్మకూడదు. గుండె కుడివైపు జబ్బున్నా, వెంటిలేటరు మీద వున్నా మోసం చేస్తుంది" అంటూ పక్కటెముకల నడుమ పెట్టింది. పైనుంచి కిందికి తోకచుక్కల్లాంటి తెల్లని చారలు! ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదన్నమాట. ఈ చారలు చదవడం వైద్యలోకానికి నేర్పినవారిలో ఫ్రెంచి వైద్యుడు డానియెల్ లిక్టెన్‌స్టయిన్ ముఖ్యుడు.

చివరకు తలవైపు దించి, కాళ్లు యెత్తించింది. అలా చేస్తే కాళ్లలోని నెత్తురు సుమారు 300 మిల్లీలీటర్లు గుండెవైపు వస్తుంది. అప్పుడు గుండె పంపే నెత్తురు పెరిగితే సెలైన్ పనికివస్తుంది. పెరగకపోతే కాళ్లు దించేస్తే సరి. వచ్చింది వెనక్కి పోతుంది. తిరిగి తీసుకోగల సీసా అన్నమాట! మామగారి గుండె మాత్రం మారలేదు. ఆమె సెలైన్ ఆపి, పోటు పెంచే మందు మొదలుపెట్టింది.

తరువాత చదివి తెలుసుకున్నాను. 1832లో స్కాట్లండులో థామస్ లాటా కలరా రోగుల సిరల్లోకి ఉప్పునీరు యెక్కిస్తే, చావు అంచున వున్న కొందరు తేరుకున్నారు. వాళ్ల వొంట్లో నీరు నిజంగానే హరించుకుపోయింది. 2011లో వెలువడిన పరిశోధన వేరే సంగతి చెప్పింది. ఆఫ్రికాలో తీవ్రజ్వరంతో కుదేలయిన 3,141 మంది పిల్లల్లో, గబగబా ద్రవం యెక్కించనివారిలో 48 గంటల్లో నూటికి 7గురు పోతే, యెక్కించినవారిలో 10 మందికి పైగా పోయారు. నీరు వొకటే, అవసరం వొకటి కాదు.

నాలుగోనాడు మామగారు లేచి కూర్చుని కాఫీ అడిగారు. నా నిర్వాకం అత్తగారు చెప్పారు. గోదావరి కాలవకింద నలభైయేళ్లు వ్యవసాయం చేసిన మనిషి నావైపు చూసి, "మళ్లో నీళ్లు చాలాయో లేదో గట్టెక్కి చూడకుండా మడవ తీస్తారుటండీ, అల్లుడుగారూ?" అన్నారు.