ముందు చక్రం చేత్తో తిప్పండి

“ఏం చేసినా ఎడమకే పోతాంది సార్.” కర్నూలులో ఒక బడి సైన్సు ప్రదర్శనలో ఎనిమిదో తరగతి పిల్లవాడు అన్న మాట. రెండు రోజులుగా తన రోబో బండి ప్రోగ్రాము తిరగరాస్తున్నాడట. మోటార్లకు కరెంటు తీసేయించి, బండిని కడప బండల మీద నుంచి పైకెత్తి, ఎడమ చక్రం మెల్లగా తిప్పమన్నాను. ల్యాప్‌టాప్‌లో కుడి చక్రం అంకె పెరిగింది! చక్రాల తిరుగుడు లెక్కపెట్టే ఎన్‌కోడర్ల తీగలు తారుమారయ్యాయి. బండి ఎడమకు మళ్లిందంటే కుడి చక్రం ఎక్కువ తిరిగినట్టు. ఆ లెక్క ఎడమ ఖాతాలో పడేసరికి ప్రోగ్రాము ఎడమ చక్రాన్నే ఇంకా తగ్గించింది. ప్రోగ్రాములో తప్పే లేదు.

మన పల్లెల్లో బోరు ఆడకపోతే మెకానిక్ వచ్చీరాగానే పంపు బయటికి లాగడు. స్టార్టరు మూత తీసి, మూడు ఫేజులూ వస్తున్నాయో లేదో టెస్టు ల్యాంపు పెట్టి చూస్తాడు. ఆ వరుసే రోబోకూ కావాలి.

పిల్లల బండ్లలో ఎక్కువగా వాడే ఎన్‌కోడరు బిళ్లకు 20 గాళ్లుంటాయి. గాడి దాటినప్పుడల్లా అవతలి సెన్సరుకు పరారుణ కాంతి తగులుతుంది, ఒక అంకె పెరుగుతుంది. 65 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకు సుమారు 204 మిల్లీమీటర్లు నడుస్తుంది. అంటే గాడికి సెంటీమీటరు. చేత్తో పది చుట్లు తిప్పితే 200 రావాలి. అసలేమీ రాకపోతే మల్టీమీటరు తీయండి. గాడి ఎదురైనప్పుడు, అడ్డు పడినప్పుడు సిగ్నలు తీగ మీద ఓల్టేజి సున్నా దగ్గరికీ, అయిదు దగ్గరికీ మారాలి. మారకపోతే జంపరు తీగ వదులుగా ఉందా, గ్రౌండు కలిసిందా, పుల్-అప్ రెసిస్టరు ఉందా చూడాలి. మారుతున్నా అంకె కదలకపోతే పిన్ను చూడండి: ఆర్డుయినో యూనోలో బయటి ఇంటరప్టులకు విడిగా కేటాయించినవి 2, 3 పిన్నులే.

చేత్తో తిప్పితే సరిగ్గా వచ్చి, మోటారు తిరిగినప్పుడు అంకెలు పిచ్చిగా దూకితే అది మోటారు బ్రష్షుల నుంచి వచ్చే విద్యుత్ రొద. మోటారు కొసల మధ్య 104 కెపాసిటరు వేసి, సిగ్నలు తీగలను మోటారు తీగలకు దూరంగా లాగాలి.

మన సీమకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఎండ సంగతి. గదిలో బాగా నడిచిన బండి మైదానంలో లెక్క మరిచిపోతుంది. ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది కనుక సెన్సరుకు గాడికీ అడ్డుకీ తేడా తెలియదు. నల్ల టేపుతో గూడు కట్టండి. దుమ్ము నుంచి కూడా కాస్త కాపాడుతుంది. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎన్‌కోడరుకు ఎండ బాధ లేదు.

2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబు పథకం కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. కర్నూలులో ట్రిపుల్‌ఐటీడీఎం, ఇడుపులపాయలో ట్రిపుల్‌ఐటీ ఉన్నాయి. పిల్లలకు దారి ఉంది, సామాను ఉంది. తప్పు వెతకడానికి మాత్రం పీరియడు లేదు, మార్కులు లేవు. నడిచిన బండికే చప్పట్లు. ఇది అన్యాయం. ఆ పిల్లవాడు రెండు రోజులు పోగొట్టుకున్నది తెలివి లేక కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చూపించక.

ఉపాధ్యాయులారా, వచ్చే ప్రదర్శనలో బహుమతి ఇచ్చే ముందు ప్రతి బండిలో ఒక తీగ పీకండి. చేతికి మల్టీమీటరు, పది నిమిషాల వ్యవధి ఇచ్చి వెతకమనండి. దానికీ మార్కులు వేయండి.